√72 ని 6√2 అని ఎందుకు రాయాలో కూడా అచ్చు వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయంటే మీ విద్యా పేజీలో లెక్కల బిట్లు, మోడల్ ప్రశ్నలు వస్తాయి. మా కావలిలో చాలా ఇళ్లల్లో ఆ పేజీ కత్తిరించి దాచుకుంటారు. నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిలకాయల్లో కొందరు దాన్ని నోటుబుక్కు అట్టలో మడిచి పెట్టుకుని తిరుగుతుంటారు. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. వాస్తవ సంఖ్యల పాఠం దగ్గరికి వచ్చేసరికి ‘√72 సూక్ష్మరూపం ఎంత?’ లాంటి ప్రశ్న ఒకటి తప్పకుండా ఉంటుంది, కింద జవాబు 6√2 అని ఉంటుంది. జవాబు సరైనదే. కానీ √72 ని 6√2 గా మార్చి రాయాల్సిన అవసరం ఏమొచ్చిందో మాత్రం ఉండదు. ఒక్క మీ పేజీలోనే కాదు, గైడ్లలోనూ ఉండదు, క్లాసులో సార్లకి చెప్పే టైము ఉండదు. 72 ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టు, జంటలు బయటికి తియ్యి, ఒంటరిగా మిగిలింది లోపల ఉంచు, రెండు గీతలు కొట్టి తరవాత లెక్కకి పో. పద్ధతిలో తప్పేమీ లేదు, అయితే దాని వెనక ఉన్న సంగతి తెలియని పిల్లవాడు ఆ పాఠం దాటిన నెల రోజులకే పద్ధతి కూడా మర్చిపోతాడు.

ఒక పాప అడిగింది: “ఏంది మేడమ్, √72 అంటే ఏం బాగలేదు? 6√2 లో కూడా రూట్ అట్టే ఉందిగా, జవాబు ఇంకా వచ్చిందెక్కడ?” అది చాలా మంచి ప్రశ్న. అందులో రెండు అనుమానాలున్నాయి, రెండూ నూటికి తొంభై మంది పిలకాయల మనసులో ఉన్నవే, బయటికి అనరంతే. ఒకటి, రూట్ ఉన్నంతసేపు లెక్క పూర్తి కాలేదని. రెండోది, సూక్ష్మీకరించడమనేది మార్కుల కోసం చేసే అలంకారమని. ఈ రెండూ పోగొట్టకుండా ఎన్ని బిట్లు చేయించినా ఉపయోగం తక్కువ. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: √72 దానికదే ఒక సంఖ్య, 5 ఎంత సంఖ్యో అదీ అంతే, దాన్ని 6√2 అని రాస్తే ఆ సంఖ్య వేరే ఏ సంఖ్యలతో కలుస్తుందో కంటికి కనిపిస్తుంది, కనిపించేలా చెయ్యడానికే ఈ శ్రమంతా. ఈ ముక్క పిలకాయలకి చెప్పాలి, మాటతో కాదు, చూపించి చెప్పాలి.

ముందు మొదటి అనుమానం. √2 అనగానే 1.414 అని నోటికొచ్చేస్తుంది అందరికీ. కానీ 1.414 ని 1.414 తో గుణించి చూడండి, 1.999396 వస్తుంది, 2 రాదు. ఇంకో అంకె చేర్చి 1.4142 అన్నా రాదు, పది అంకెలు చేర్చినా, వంద చేర్చినా రాదు, ఎక్కడో ఆగిన దశాంశం ఏదైనా సరే వర్గం చేస్తే సరిగ్గా 2 కాదు. √2 అకరణీయ సంఖ్య కాదని పదో తరగతి పుస్తకంలో నిరూపణ ఉన్నది ఈ విషయం చెప్పడానికే కదా, దాన్నేమో నాలుగు మార్కుల ప్రశ్నగా బట్టీ కొట్టించి, ఆ పక్క లెక్కలోనే ‘√2 = 1.414’ అని సమాన గుర్తు పెట్టి రాయిస్తున్నాం. సుమారుగా అని చెప్పే గుర్తు (≈) ఒకటుంది, దాన్ని వాడితే పోయేదేమీ లేదు. సరైన జవాబు √2, పనికి సరిపడే జవాబు 1.414. పిలకాయలకి ఇది తలకిందులుగా తెలిసింది.

ఇక √72 సంగతి. దీనికి మా నెల్లూరు జిల్లాలో దొరికినంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా దొరకదనుకుంటాను. మా వైపు ఇళ్ల స్థలాలు అంకణాల్లో అమ్ముతారు, ఒక అంకణం అంటే 72 చదరపు అడుగులని లెక్క. తిరుపతి వైపు పోతే అంకణం 36 చదరపు అడుగులే. ఇప్పుడు పిలకాయల్ని అడగండి, తిరుపతి అంకణం ఒక చదరంగా గీస్తే దాని భుజమెంత అని. 6 అడుగులు అని వెంటనే చెప్తారు. మరి నెల్లూరు అంకణాన్ని చదరంగా గీస్తే? చాలామంది 12 అంటారు, వైశాల్యం రెట్టింపు కాబట్టి భుజం కూడా రెట్టింపు అని. పన్నెండు పన్నెండ్లు 144, అంటే అది రెండంకణాలు, అని వాళ్ల చేతే అనిపించాలి. అప్పుడు కాసేపు తికమకపడతారు. 8 అంటే 64, చాలదు. 9 అంటే 81, ఎక్కువైంది. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఏదో ఉంది, దాని పేరే √72.

దాన్ని నేల మీద గీయించొచ్చు. సిమెంటు చేసిన వాకిట్లో సుద్దముక్కతో, టేపు పట్టుకుని, 6 అడుగుల చదరం గీయమనండి. మూల నుంచి ఎదురు మూలకి కర్ణం గీయమనండి. చదరం రెండు త్రిభుజాలైంది, ఒక్కోటి 18 చదరపు అడుగులు. ఇప్పుడు ఆ కర్ణాన్నే భుజంగా తీసుకుని ఇంకో పెద్ద చదరం గీయాలి. తాడుతో మూలమట్టం సరిచూసుకుంటూ గీయడానికి కాస్త టైము పడుతుంది, నలుగురు పిల్లలు కావాలి, గొడవ పడతారు, పడనివ్వండి. గీశాక ఆ పెద్ద చదరానికి కూడా రెండు కర్ణాలు కొడితే లోపల నాలుగు త్రిభుజాలు వస్తాయి, నాలుగూ ముందు చూసిన ఆ 18 అడుగుల త్రిభుజాలే. నాలుగు పద్దెనిమిదులు 72. అంటే తిరుపతి అంకణం కర్ణమే నెల్లూరు అంకణం భుజం! టేపు పెడితే 8 అడుగుల 6 అంగుళాలకి ఒక పిసరు తక్కువ వస్తుంది. ఇక్కడే రెండో మాట చెప్పాలి. ఒక అడుగు చదరానికి కర్ణం √2 అడుగులు. మనం గీసిన చదరం దానికి అన్ని వైపులా ఆరు రెట్లు, కాబట్టి కర్ణం కూడా ఆరు రెట్లు, 6√2. పెద్ద చదరం వైపు నుంచి చూస్తే √72, చిన్న చదరం వైపు నుంచి చూస్తే 6√2, గీత మాత్రం ఒక్కటే. ఇది ఒకసారి వంగి సుద్దతో గీసిన పిల్లవాడికి ‘36 పూర్ణవర్గం కాబట్టి 6 గా బయటికొస్తుంది’ అంటే అర్థమవుతుంది, ఎందుకంటే ఆ 36 వాడు గీసిన చదరం, ఆ 6 దాని అంచు.

ఇది కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. చదరం కర్ణం మీద గీసిన చదరానికి రెట్టింపు వైశాల్యం ఉంటుందని బౌధాయనుడు చెప్పాడు, ఆయన్ని క్రీస్తు పూర్వం 800 ప్రాంతపు వాడిగా సాధారణంగా లెక్కిస్తారు. యజ్ఞవేదికలు కట్టడానికి వైశాల్యాలు కచ్చితంగా కుదరాలి కాబట్టి ఆ అవసరం వచ్చింది. కర్ణం పొడవు కోసం ఆయన చెప్పిన పద్ధతి పిలకాయలు భిన్నాలతో చక్కగా చేసుకోవచ్చు: భుజానికి దాని మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు ఇంకా కలుపు, ఆ నాలుగో వంతులో ముప్ఫై నాలుగో వంతు తీసెయ్యి. అంతా కలిపితే 577/408 వస్తుంది, భాగించి చూస్తే 1.414215 చిల్లర, అసలు √2 తో అయిదు దశాంశ స్థానాల దాకా సరిపోతుంది. తాడుతో కొలిచే రోజుల్లో! ఇది క్లాసులో ఒక్క పీరియడ్ పని. హారాల క.సా.గు. కట్టడం కూడా అందులోనే వచ్చేస్తుంది, ఏడో తరగతి పిలకాయలు కూడా చెయ్యగలరు.

అంకణాలతోపాటు పొలాల లెక్క కూడా ఉంది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. పదో తరగతి పిల్లల్ని ఒక ఎకరం చదరపు పొలానికి ఒక వైపు గట్టు పొడవెంత అని అడగండి, భయపడి ఫోన్ వైపు చూస్తారు. కానీ విడగొట్టి చూస్తే 43,560 అంటే 36 ఇంటు 121 ఇంటు 10. కాబట్టి √36 నుంచి 6, √121 నుంచి 11, మొత్తం 66√10 అడుగులు, అంటే దాదాపు 208.7. ఆ 66 ఊరికే వచ్చింది కాదు, సర్వేకి వాడిన పాత గొలుసు పొడవు 66 అడుగులు, ఎకరం అనేది ఆ గొలుసుతో ఒకటి వెడల్పు, పది పొడవు. పది సెంట్ల చదరం తీసుకుంటే భుజం సరిగ్గా 66 అడుగులు, రూట్ మిగలదు. అదే ఎకరమైతే √10 మిగులుతుంది. 208.7 అని దశాంశంలో రాస్తే ఈ గొలుసు కనపడదు, 66√10 అని రాస్తే కనపడుతుంది. సూక్ష్మరూపం వల్ల ఏం లాభమో చెప్పడానికి దీనికి మించింది నాకు తెలియదు.

అసలు అవసరం కూడికల్లో తెలుస్తుంది. √8 + √18 ఎంత అంటే √26 అని రాసే పిలకాయలు కోకొల్లలు. ‘సజాతి కరణులనే కూడాలి’, అంటే రూట్ లోపల ఒకే సంఖ్య మిగిలినవాటినే కూడాలి అని నియమం చెప్తాం, వాళ్లకి √8, √18 లు సజాతి అని ఎట్టా తెలుస్తుంది, చూస్తే వేరు వేరుగా ఉన్నాయి కదా? ఇంట్లో చదరపు టైల్స్ పరిచిన నేల ఉంటే చాలు. ఒక టైలు భుజం 1 అనుకుంటే దాని కర్ణం √2. రెండు టైల్స్ పొడవు, రెండు వెడల్పు ఉన్న చదరానికి కర్ణం √8, అది రెండు టైల్స్ కర్ణాలు ఒకదాని వెనక ఒకటి, అంటే 2√2. మూడు మూళ్ల చదరానికి √18, అది 3√2. ఒక మూల నుంచి కర్ణం వెంట రెండు టైల్స్ దాటి, అక్కడి నుంచి అదే గీత మీద మూడు టైల్స్ దాటితే అయిదు టైల్స్ దాటినట్టు, 5√2, అంటే √50. √26 అంటే 5.1 దగ్గర ఆగిపోతుంది, మనం నడిచింది 7 దాటింది, కాలికే తెలుస్తుంది తేడా. √8, √18, √50, √72, √98, ఇవన్నీ √2 అనే ఒకే ఇంటిపేరు వాళ్లు, సూక్ష్మరూపంలో రాసేదాకా ఆ ఇంటిపేరు బయటపడదు. √12, √27, √75 లది √3. ఇంటిపేరు ఒకటైతే కలుస్తాయి, వేరైతే కలవవు, √2 + √3 అన్నది అట్టా √2 + √3 గానే ఉండిపోతుంది, అదే దాని చివరి జవాబు. దాన్ని √5 చేసెయ్యాలన్న తహతహ పిలకాయలకి ఎందుకు వస్తుందంటే జవాబంటే ఒకే ముక్కగా ఉండాలని మనం అలవాటు చేశాం కాబట్టి. √5 అంటే 2.24, √2 + √3 అంటే 3.15 దగ్గర, పక్కపక్కన రాసి చూపిస్తే మళ్లీ ఆ తప్పు చెయ్యరు.

ఇక్కడ మీ పత్రికతో నాకు ఒక మాట ఉంది. రూట్ గుర్తు పైన అడ్డంగా ఒక గీత ఉంటుంది, అది ఎంత దూరం పోతే అంత దాకా రూట్ లోపల ఉన్నట్టు. మీ పేజీలో చాలాసార్లు ఆ గీత ఉండదు, √ గుర్తు ఒక్కటే పడుతుంది. √9+16 అని అచ్చైతే దాన్ని ఎట్టా చదవాలి? రూట్ 9 కి 16 కలిపితే 19. రెండింటినీ కలిపి రూట్ తీస్తే 5. విడివిడిగా రూట్ తీసి కలిపేసి 7 అని రాసే పిలకాయలు మూడో రకం, అది ఎట్టా చూసినా తప్పే. అచ్చులో గీత లేకపోతే మొదటి రెండింటిలో ఏది అడిగారో పెద్దవాళ్లకే తెలియదు. ఈ గుర్తుని 1525 లో జర్మన్ గణితవేత్త క్రిస్టాఫ్ రుడాల్ఫ్ పుస్తకంలో వాడినప్పుడు పైన గీత లేదు, 1637 లో ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ గీత చేర్చాడు. అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో గీత రాకపోతే బ్రాకెట్లయినా పెట్టండి, √(9+16) అని. చిన్న విషయంలా ఉంటుంది కానీ పరీక్షకి రెండు రోజుల ముందు ఆ పేజీ చూసి టెన్షన్ పడి, ఏడుస్తూ ఫోన్ చేసే పిల్లలున్నారు.

అలాగే 3√2 కీ, రెండు యొక్క ఘనమూలానికీ తేడా పడేట్టు 3 ని ఎక్కడ, ఎంత సైజులో వెయ్యాలో చూసుకోవాలి.

ఇంకొకటి √25 గొడవ. √25 అంటే 5 ఒక్కటే, ప్లస్ ఆర్ మైనస్ 5 కాదు. ఒక సంఖ్య వర్గం 25 అయితే ఆ సంఖ్య ఎంత అంటే 5, మైనస్ 5 రెండూ వస్తాయి, అది సమీకరణం. గుర్తు అడిగేది వేరు, సమీకరణం అడిగేది వేరు. √ గుర్తు ఎప్పుడూ మైనస్ కాని విలువనే చెప్తుంది, అందుకే సమీకరణంలో మనం చేత్తో ± రాసుకుంటున్నాం, గుర్తులోనే రెండూ ఉంటే రాయాల్సిన పనే లేదు కదా. మైనస్ 5 ని వర్గం చేసి రూట్ తీస్తే మైనస్ 5 రాదు, 5 వస్తుంది. బిట్ పేపర్లలో ఈ ఒక్కదాని మీదే ఎన్ని తప్పు కీలు చూశానో.

హారంలో రూట్ ఉండకూడదు అనే నియమం సంగతి. 1/√2 ని √2/2 అని మార్చకపోతే మార్కు తగ్గించే వాళ్లున్నారు. పుస్తకంలో త్రికోణమితి పట్టికలో సైన్ 45 డిగ్రీల విలువ 1/√2 అనే ఉంటుంది, టాన్ 30 డిగ్రీలది 1/√3 అని ఉంటుంది, మరి పిల్లవాడు అదే రాస్తే తప్పెట్టా అవుతుంది? ప్రశ్నలో హారాన్ని అకరణీయం చేయమని అడిగితే చెయ్యాలి, అడగనప్పుడు 1/√2 పూర్తి జవాబే. అదే సమయంలో ఆ పద్ధతి పనికిమాలింది అనే మాట కూడా నేను ఒప్పుకోను. పరీక్ష హాల్లో కాలిక్యులేటర్ ఇవ్వరు. 1 ని 1.414 తో భాగించమంటే భాగహారం పేజీ సగం దాకా పోతుంది, అదే √2/2 అంటే 1.414 లో సగం, 0.707, నోటితో చెప్పొచ్చు. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది, దాన్ని పుస్తకాలు చెప్పవు. 1/(√50 − 7) తీసుకోండి. √50 ని సుమారు 7.1 అనుకుంటే హారం 0.1, జవాబు 10. కొంచెం జాగ్రత్తగా 7.07 అనుకుంటే హారం 0.07, జవాబు సుమారు 14.29. ఎంత తేడా చూడండి, రూట్ విలువలో మనం చేసిన మార్పు మూడు వందో వంతులే, జవాబు 10 నుంచి 14 దాకా దూకింది. ఇప్పుడు పైనా కిందా √50 + 7 తో గుణించండి. హారం 50 లోంచి 49 తీస్తే 1, పోయింది. మిగిలింది √50 + 7. ఇందులో 7.1 పెట్టినా 14.1, 7.07 పెట్టినా 14.07, అసలు విలువ 14.071. దగ్గర దగ్గరగా ఉన్న రెండు సంఖ్యల తేడాని హారంలో పెట్టుకుంటే చిన్న పొరపాటు పెద్దదైపోతుంది, సంయుగ్మంతో, అంటే మధ్యలో గుర్తు మార్చి రాసినదానితో, గుణిస్తే ఆ ప్రమాదం తప్పుతుంది. ఇది చెప్పి ఆ లెక్క చేయిస్తే పిలకాయల మొహాలు వేరేగా ఉంటాయి, ఇంకోటి ఇవ్వండి మేడమ్ అని అడుగుతారు.

మార్కుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. √72 ని 3√8 అని రాసి ఆపేసిన పిల్లవాడు తప్పు చెయ్యలేదు, పని మధ్యలో ఆపాడు. 9 ని బయటికి తీశాడు, 8 లో ఇంకో 4 ఉందని చూడలేదు. వాడికి సున్నా వెయ్యడం, √72 = 12 అని రాసినవాడికి సున్నా వెయ్యడం ఒకటే అయితే వాడు నేర్చుకునేదేంటి? స్టెప్ మార్కు ఇచ్చి, పక్కన ‘8 లో ఇంకా ఉంది చూడు’ అని ఎర్ర ఇంకుతో రాస్తే చాలు.

తల్లిదండ్రులు కొందరు అంటుంటారు, ఇదంతా ఎందుకు మేడమ్, ఫోన్‌లో నొక్కితే వస్తుంది కదా అని. రొయ్యల గుంటలు చేసే ఒకాయన మొన్న అదే మాట అన్నారు. ఆయన గుంటల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లకి మూడు ఫేజుల కరెంటు కావాలి. ఇంట్లో లైటుకి వచ్చే ఒక ఫేజు 240 వోల్టులు, మోటారుకి 415 అంటారు ఎలక్ట్రీషియన్లు. మూడు ఫేజులంటే మూడు 240 లు, 720 రావాలి కదా? రాదు, 240 ని √3 తో గుణిస్తే 415 చిల్లర వస్తుంది. ఫేజుకీ ఫేజుకీ మధ్య 120 డిగ్రీల తేడా ఉండటం వల్ల ఆ √3 వస్తుంది, పదో తరగతి త్రికోణమితిలో కనపడే √3 యే అది. ఫోన్‌లో 1.732 కనపడితే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, √3 అని కనపడితే త్రిభుజం గుర్తొస్తుంది. జిరాక్స్ షాపులో ఏ3 కాగితాన్ని ఏ4 లోకి తగ్గించే బటన్ మీద 71 శాతం అని, పెంచే దాని మీద 141 శాతం అని ఉంటుంది, అవి 1/√2, √2 లే. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్లు వెడల్పు, 297 పొడవు, భాగించి చూడమనండి. అడ్డంగా సగానికి మడిచినా కాగితం ఆకారం మారకూడదంటే పొడవు, వెడల్పుకి √2 రెట్లు ఉండాల్సిందే, వేరే సంఖ్య ఏదీ కుదరదు. 2022 లో జిల్లాలు విడగొట్టేదాకా మా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట సంగతి చెప్తే పిలకాయలు ఇంకా చెవులు రిక్కిస్తారు: భూమికి దగ్గరగా చుట్టూ తిరగాలంటే సెకనుకి సుమారు 7.9 కిలోమీటర్ల వేగం కావాలి, భూమిని వదిలి పూర్తిగా వెళ్లిపోవాలంటే సుమారు 11.2 కావాలి. రెండోది మొదటిదానికి సరిగ్గా √2 రెట్లు. వదిలి వెళ్లే వేగం సూత్రంలో రూట్ లోపల 2 ఉంది, చుట్టూ తిరిగే వేగం సూత్రంలో లేదు, మిగిలిందంతా ఒకటే. √2 ని బయటికి తీసి రాసినప్పుడే ఆ పోలిక దొరుకుతుంది, రెండు దశాంశ సంఖ్యలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే దొరకదు.

సార్లనీ టీచర్లనీ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. సిలబస్ పూర్తి చెయ్యాలి, స్లిప్ టెస్టులు పెట్టాలి, మార్కులు యాప్‌లో ఎక్కించాలి, ఆ మధ్యలో వాకిట్లో సుద్దతో అంకణం గీయించే తీరిక ఎంతమందికి దొరుకుతుంది? అందుకే పత్రిక చెయ్యగలిగింది చాలా ఉందని నాకనిపిస్తుంది. పుస్తకం చేరని చోటికి కూడా మీ పేజీ చేరుతుంది. కందుకూరు, కనిగిరి, ఉదయగిరి వైపు పల్లెల్లో టీ అంగడి బల్ల మీద ఉన్న పేపరు చదువుకుని పరీక్షకి పోయే పిలకాయలు ఇప్పటికీ ఉన్నారు.

కాబట్టి నేను అడిగేది ఇది. వంద బిట్లు వేసే చోట అరవై వెయ్యండి, మిగిలిన జాగాలో జవాబు పక్కన అది ఎందుకట్టా వచ్చిందో రెండు వాక్యాలు వెయ్యండి. రూట్ పైన గీత పడేట్టు చూడండి, పడకపోతే బ్రాకెట్లు పెట్టండి. 1.414 ముందు సమాన గుర్తు బదులు సుమారు గుర్తు వెయ్యండి. వారానికి ఒక్కటి చొప్పున, అంకణం లాంటి, టైల్స్ లాంటి ఒక బొమ్మ లెక్క వేసి, ఇంట్లోనే గీసి చూడమని రాయండి, తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం అని తేడా లేకుండా బొమ్మ అందరికీ అర్థమవుతుంది. పేపర్లు దిద్దే టీచర్లు ఈ ఉత్తరం చదివితే, 1/√2 కీ 3√8 కీ నేను పైన చెప్పింది ఒకసారి ఆలోచించమని వాళ్లకీ నా మనవి. బొమ్మ లెక్కలు రాసిపెట్టే మనిషి కావాలంటే నేను రాసి పంపుతాను, మొదటి నాలుగు వారాలకి సరిపడా ఇప్పటికే నోటుబుక్కులో సిద్ధంగా ఉన్నాయి, డబ్బులేమీ అక్కర్లేదు.

— ఒక లెక్కల టీచరు, కావలి